టన్నర్ ఒకటే, లెక్కలు నాలుగు: కర్నూలులో సీహెచ్‌ఎంఎం తయారీ డైరీ

ఈ డైరీ మొదటి మాక్ టెస్టుతో మొదలవుతుంది. దానికి ముందు వేసుకున్న టైమ్‌టేబుళ్లు, గోడకు అంటించిన ప్లాన్లు నాకే పనికిరాలేదు, ఇంకొకరికి అసలు పనికిరావు.

నా సంగతి రెండు ముక్కల్లో. కర్నూలు దగ్గర ఒక రసాయన కర్మాగారంలో ఎనిమిదేళ్లుగా సేఫ్టీ, పర్యావరణ విభాగంలో ఉన్నాను. క్లోరిన్ టన్నర్లు (దాదాపు టన్ను క్లోరిన్ పట్టే పెద్ద సిలిండర్లు), కాస్టిక్ ట్యాంకర్లు, యాసిడ్ డ్రమ్ములు రోజూ కళ్లముందు తిరిగేవే. రాయబోయే పరీక్ష సర్టిఫైడ్ హజార్డస్ మెటీరియల్స్ మేనేజర్, పొట్టిగా సీహెచ్‌ఎంఎం. అమెరికాలోని ఐహెచ్‌ఎంఎం అనే సంస్థ పెడుతుంది. డిగ్రీ, ఈ రంగంలో నాలుగేళ్ల అనుభవం ఉండాలి. ప్రశ్నలు మల్టిపుల్ ఛాయిస్. చట్టాలు వాళ్లవి, అంకెలు వాళ్లవి, పౌండ్లు గాలన్లు కూడా వాళ్లవే. అప్లికేషను, పరీక్ష ఫీజులు డాలర్లలో కట్టాలి కాబట్టి కింద ఇచ్చే రూపాయల లెక్కలో వాటిని కలపలేదు.

దశ 1: మొదటి మాక్, 50కి 21
జనవరి రెండో వారం

పాత సహోద్యోగి పంపిన ప్రశ్నల్లోంచి 50 తీసుకుని ఒక ఆదివారం పొద్దున కూర్చున్నాను. ఎనిమిదేళ్ల అనుభవం ఉంది కదా, 35 అయినా వస్తాయనుకున్నా. 21 వచ్చాయి.

ఆ రోజు చేసిన ఒకే మంచి పని, తప్పయిన ప్రతి ప్రశ్న పక్కనా ఎందుకు తప్పిందో పెన్సిల్‌తో రాయడం. నాలుగు గుర్తులు పెట్టుకున్నా.

1. అసలు తెలియనివి: 8
2. మన దేశపు అంకె రాసినవి: 9
3. యూనిట్లు మార్చడంలో పోయినవి: 7
4. ప్రశ్న సరిగా చదవనివి: 5

అంటే 29 తప్పుల్లో తెలియక పోయినవి ఎనిమిదే. మిగతా 21 తెలిసి పోగొట్టుకున్నవి. ఒక ఉదాహరణ చెబుతా. "నెలకు 600 కిలోల ప్రమాదకర వ్యర్థం పుట్టే సంస్థ దాన్ని ఎన్ని రోజులు నిల్వ చేసుకోవచ్చు?" నేను కళ్లు మూసుకుని 90 పెట్టాను. మన 2016 నిబంధనల్లో 90 రోజులే. రోజూ రిజిస్టర్‌లో చూసే అంకె, చెయ్యి దానంతట అదే రాసేసింది. అక్కడి వ్యర్థాల చట్టం రిక్రా ప్రకారం నెలకు 100 కిలోలు దాటి 1,000 లోపు ఉంటే చిన్న ఉత్పత్తిదారు, 180 రోజుల గడువు. వెయ్యి, ఆపైన అయితేనే 90. వ్యర్థం పంపాల్సిన చోటు 200 మైళ్లు దాటి ఉంటే చిన్న ఉత్పత్తిదారుకు 270 రోజుల దాకా ఇస్తారు. కర్నూలు నుంచి మా వ్యర్థం పోయే చోటు, విశాఖ పక్కన పరవాడకు 600 కిలోమీటర్ల పైనే, 200 మైళ్లంటే 322 కిలోమీటర్లు. వాళ్ల చట్టం ఇక్కడ ఉంటే నాకు ఎన్ని ఫోన్లు తప్పేవో!

ఈ దశలో చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. అమెరికా నిబంధనావళిలో టైటిల్ 40 కింద 260, 261, 262 భాగాలను జిరాక్స్ సెంటర్లో ప్రింట్ తీయించాను. 412 పేజీలు, పేజీకి రూపాయిన్నర, బైండింగు 80. చదివింది 38 పేజీలు. ఆ బొత్తి ఇప్పుడు ఫ్యాన్ గాలికి కార్డులు ఎగరకుండా బరువుగా పనికొస్తోంది. ఇవన్నీ నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, కావలసిన సెక్షను వెతికి చదువుకోవచ్చు. రసాయనాల ప్రమాదాలు చెప్పే నయోష్ పాకెట్ గైడు, రవాణాలో ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే ఎమర్జెన్సీ రెస్పాన్స్ గైడ్‌బుక్ కూడా ఉచితమే. ప్రింట్ తీయొద్దు.

మొత్తం ఇప్పటివరకు: 26 గంటలు, ₹698, మాక్ 21/50.

దశ 2: రెండు గడుల పట్టిక, పూర్తిగా తప్పు
జనవరి చివర నుంచి ఫిబ్రవరి నెలంతా

తొమ్మిది తప్పులు మన అంకెల వల్ల పోయాయి కాబట్టి ఎడమ గడిలో ఇండియా, కుడి గడిలో అమెరికా పెట్టి చార్ట్ పేపర్ మీద పట్టిక రాశాను. నిల్వ గడువు, మ్యానిఫెస్టు (వ్యర్థం బండితో పాటు వెళ్లే కాగితం), రిపోర్టు చేయాల్సిన పరిమాణం, అన్నీ పక్కపక్కనే. చూడటానికి బాగుంది. రెండు వారాలు దాని ముందే పళ్లు తోముకున్నా.

కొలత: అంకెలకు సంబంధించిన 20 ప్రశ్నలు. పట్టికకు ముందు 9 సరి. రెండు వారాల తర్వాత 8.

తగ్గింది! మొదట నమ్మలేదు, ప్రశ్నలు మార్చి మళ్లీ చేశా. మళ్లీ 8. మా మేనకోడలు ఇంటర్ సెకండియర్, మా ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. ప్రశ్నలు అడిగేది తనే. విసుగొచ్చి చెప్పింది: "మామా, నీకు అంకె గుర్తుంటాంది, దేశమే గుర్తుండట్లేదు."

అదే జరిగింది. రెండూ ఒకే వరసలో ఉంటే మెదడు వరసను పట్టుకుంది, గడిని పట్టుకోలేదు. 90, 180 రెండూ "నిల్వ" అనే మాటకు అతుక్కుపోయాయి. పట్టికను మధ్యకు చించాను. ఇండియా సగం బీరువాలో పెట్టి తాళం వేశా. అమెరికా సగాన్ని కార్డులు చేశా.

కార్డు చేసే పద్ధతి:

1. ఒక కార్డుకు ఒకే అంకె. రెండు రాయాలనిపిస్తే రెండు కార్డులు.
2. ముందువైపు శీర్షిక రాయకూడదు, సందర్భం రాయాలి. "చిన్న ఉత్పత్తిదారు గడువు" అని కాకుండా "నెలకు 600 కిలోలు, డ్రమ్ము నిండి 100 రోజులైంది, తప్పు చేసినట్టేనా?"
3. వెనకవైపు అంకె, దాని యూనిట్, ఒక్క వాక్యంలో కారణం.
4. రెండుసార్లు వరసగా తప్పితే ఆ కార్డును చించి కొత్త సందర్భంతో మళ్లీ రాయాలి.

నాలుగోది ముఖ్యం. తప్పిన కార్డునే పదేపదే చూస్తే దాని మూలన ఉన్న టీ మరక గుర్తుంటుంది, జవాబు ఉండదు.

మొదటి 96 కార్డుల్లో ఎక్కువ శాతం వ్యర్థాల కోడ్‌లకే పోయాయి. మంట అంటుకునే ద్రవ వ్యర్థం డీ001, ఫ్లాష్ పాయింటు (దాని ఆవిరికి నిప్పు అంటుకునే కనీస ఉష్ణోగ్రత) 60 డిగ్రీల సెల్సియస్ లోపు. లోహాన్నీ చర్మాన్నీ తినేసే గుణం ఉన్నది డీ002, పీహెచ్ 2 లేదా ఆ లోపు, 12.5 లేదా ఆ పైన. ఊరికే రియాక్టయ్యేది డీ003. అక్కడి నుంచి విషపు లోహాలు: ఆర్సెనిక్ డీ004, లీటరుకు 5 మిల్లీగ్రాములు. బేరియం 100. కాడ్మియం 1. క్రోమియం, సీసం 5 చొప్పున. పాదరసం 0.2. బెంజీన్ డీ018, 0.5. ఇవి బట్టీ పట్టాల్సిందే, వేరే దారి లేదు. ఎక్కాలు నేర్చినట్టు స్కూటర్ మీద సీ క్యాంపు నుంచి ప్లాంటు దాకా పైకి చదువుకుంటూ పోయేవాణ్ణి. కల్లూరు దగ్గర సిగ్నల్లో పక్క బండి ఆయన ఒకసారి అదోలా చూశాడు.

రెండు వారాల తర్వాత అవే తరహా 20 ప్రశ్నలు: 15.

మొత్తం: 60 గంటలు, ₹818, కార్డులు 96.

దశ 3: కిలోలు, పౌండ్లు, డ్రమ్ములు
మార్చి

యూనిట్ల తప్పులు చిన్నవని తేలిగ్గా తీసుకున్నా. అవి చిన్నవి కావని ఒక డ్రమ్ము చూపించింది.

ప్రశ్న ఇదీ: ఒక సంస్థ నెలకు ఐదు డ్రమ్ముల వాడేసిన టొలీన్ బయట పెడుతోంది. పెద్ద ఉత్పత్తిదారా, చిన్నా? నేను 55 గాలన్ల డ్రమ్ము అంటే 208 లీటర్లు, ఐదు డ్రమ్ములు 1,040, వెయ్యి దాటింది, పెద్ద అని రాశా. లీటరును కిలో చేసేశా, నీళ్లన్నట్టు. టొలీన్ సాంద్రత 0.87. డ్రమ్ముకు 181 కిలోలు, ఐదుకు 905. చిన్న ఉత్పత్తిదారే. ఆరో డ్రమ్ముతో పెద్దవుతాడు. ఒక్క డ్రమ్ము తేడాతో 180 రోజులు కాస్తా 90 అయిపోతాయి.

ఆ తర్వాత ఏ లెక్క అయినా ఈ వరసలో వేస్తున్నా:

1. ఇచ్చినది ఘనపరిమాణమా, బరువా? ముందు దాని కింద గీత గీయాలి.
2. ఘనపరిమాణమైతే లీటర్లలోకి. గాలను 3.785.
3. సాంద్రతతో గుణించి కిలోలు.
4. చట్టం పౌండ్లలో అడిగితే 2.2తో గుణించాలి. చివరగా చేయాలి, మధ్యలో కాదు.

ఉష్ణోగ్రతకు మూడు జతలు చాలు: 23 సెల్సియస్ అంటే 73 ఫారెన్‌హీట్, 60 అంటే 140, 93 అంటే దాదాపు 200. ఫ్లాష్ పాయింటు ప్రశ్నలు దాదాపుగా వీటి చుట్టూనే తిరుగుతాయి.

పీపీఎమ్‌ను (గాలిలో పది లక్షల పాళ్లకు ఎన్ని పాళ్లో చెప్పే కొలత) మిల్లీగ్రాముల్లోకి మార్చేదగ్గర మేనకోడలు, నేను ఇద్దరం కలిసి మునిగాం. "మోలార్ వాల్యూమ్ 22.4 కదా మామా" అంది, ఇంటర్ పుస్తకంలో అదే. నాకూ అదే గుర్తు. అది సున్నా డిగ్రీల దగ్గర. పని ప్రదేశాల లెక్కకు 25 డిగ్రీలు తీసుకుంటారు, 24.45తో భాగించాలి. క్లోరిన్ అణుభారం 70.9 కాబట్టి 1 పీపీఎమ్ అంటే ఘనపు మీటరుకు 2.9 మిల్లీగ్రాములు. 22.4తో వేస్తే 3.17 వస్తుంది, ఆ తప్పు జవాబు కూడా ఆప్షన్లలో ఒకటిగా కూర్చుని ఉంటుంది. మా ఊళ్లో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలకు వేసి చూస్తే 25.8 వచ్చింది. పరీక్షకు పనికిరాదు, ఊరికే వేసుకున్నా.

ఇక టైటిల్లో చెప్పిన టన్నర్. మన దగ్గర నిండు టన్నర్‌లో 900 కిలోల క్లోరిన్ ఉంటుంది. పౌండ్లలో 1,984. ఈ ఒక్క అంకెను పక్కన పెట్టుకుంటే నాలుగు నియమాలు దారికొచ్చాయి.

1. లీకై 24 గంటల్లో 10 పౌండ్లు దాటితే వెంటనే రిపోర్టు చేయాలి. అంటే నాలుగున్నర కిలోలు.
2. సైటులో 100 పౌండ్లు ఉంటే అత్యవసర ప్రణాళిక కోసం తెలియజేయాలి. టన్నర్ దాకా ఎందుకు, 100 కిలోల చిన్న సిలిండరు ఒక్కటే 220 పౌండ్లు.
3. 1,500 పౌండ్లు ఉంటే కార్మిక భద్రత వాళ్ల ప్రాసెస్ సేఫ్టీ నియమం వర్తిస్తుంది. ఒక టన్నర్ దాటేసింది.
4. 2,500 పౌండ్లు ఉంటే పర్యావరణ సంస్థ వాళ్ల రిస్క్ మేనేజ్‌మెంట్ నియమం. ఒక టన్నర్ దాటదు, రెండు దాటుతాయి.

మొదటిది బయటికి పోయినదాని లెక్క, మిగతావి లోపల ఉన్నదాని లెక్క. దీన్ని నేను నాలుగుసార్లు తారుమారు చేశాను. షెడ్డులో ఒక టన్నర్, రెండో టన్నర్ బొమ్మ గీసి, పక్కన నాలుగు గీతలు గీసుకున్నాక మళ్లీ పోలేదు. మన 1989 నిబంధనల్లో క్లోరిన్‌కు 10 టన్నులు, 25 టన్నులు అని ఉంటుంది. అది బీరువాలో తాళం వెనకే ఉండాలి.

మొత్తం: 89 గంటలు, ₹818, కార్డులు 141, మాక్ 27/50.

దశ 4: ఒకే డ్రమ్ము మీద 3, 2, 3, II
ఏప్రిల్ మొదటి వారం

స్టోర్‌లో టొలీన్ డ్రమ్ము ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నా, స్టోర్ అబ్బాయికి వింతగా ఉన్నా సరే. డ్రమ్ము మీద, గోడ మీద, సేఫ్టీ డేటా షీటులో ఉన్న అంకెలన్నీ కాగితం మీద దించుకున్నా. ఎర్ర వజ్రం బొమ్మ కింద 3. డేటా షీటులో మండే ద్రవం, కేటగిరీ 2. గోడ మీద అమెరికా అగ్ని భద్రత సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ వాళ్ల నాలుగు రంగుల డైమండ్‌లో ఎర్ర గడిలో 3. రవాణా కాగితంలో ప్యాకింగ్ గ్రూప్ II.

నాలుగూ మంట గురించే. ఏ రెండూ ఒకే మాట చెప్పవు.

మొదటి 3 రకం మాత్రమే, మండే ద్రవాల తరగతి. ఎక్కువా తక్కువా అని కాదు. రెండో అంకె జీహెచ్‌ఎస్ అనే ప్రపంచ వర్గీకరణ పద్ధతిలో కేటగిరీ, అక్కడ 1 అన్నింటికంటే ప్రమాదం, అంకె పెరిగేకొద్దీ తగ్గుతుంది. టొలీన్ ఫ్లాష్ పాయింటు 4 డిగ్రీలు, మరిగేది 111 దగ్గర. 23 లోపు ఫ్లాష్, 35 పైన మరుగు, కాబట్టి కేటగిరీ 2. ఎన్‌ఎఫ్‌పీఏలో తలకిందులు: సున్నా అంటే ఏమీ లేదు, 4 అంటే పరుగెత్తాలి. ప్యాకింగ్ గ్రూపులో మళ్లీ I ఎక్కువ, III తక్కువ.

గుర్తు పెట్టుకోవడానికి చాలా ప్రయత్నించా, ఏదీ నిలవలేదు. చివరికి పనికొచ్చింది మేనకోడలి మాటే: "జీహెచ్‌ఎస్ మా ఎంసెట్ ర్యాంకులాంటిది, ఒకటో ర్యాంకు గొప్ప. ఎన్‌ఎఫ్‌పీఏ మార్కులాంటిది, ఎక్కువొస్తే గొప్ప." అంతే. ర్యాంకు, మార్కు. ప్యాకింగ్ గ్రూపు కూడా ర్యాంకే. దీనికి నీలం, ఎరుపు స్టిక్కర్లు కొని కార్డులకు అంటించా. స్టిక్కర్లు దండగ, ఆ మాట ఒక్కటే చాలు.

మొత్తం: 101 గంటలు, ₹863, కార్డులు 158.

దశ 5: హైవే మీద రెండు ఆదివారాలు
ఏప్రిల్

ప్రమాదకర సరుకులకు ఇచ్చే నాలుగంకెల యూఎన్ నంబర్లు పుస్తకంలో చదివితే నిద్రొస్తోంది. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మా ఊరి గుండానే పోతుంది కదా, సర్వీసు రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర కూర్చుని వచ్చే ట్యాంకర్ల వెనక బోర్డులు చదువుదామనుకున్నా. ఉగ్గాని, బజ్జి, నోట్‌బుక్కు. రెండు ఆదివారాలు, మూడేసి గంటలు, 41 ట్యాంకర్లు. వాటిలో ఏడింటి బోర్డు మట్టి కొట్టుకుపోయి, రంగు పోయి చదవలేకపోయా. మిగతావాటిలో పెట్రోలు 1203, ఎల్‌పీజీ 1075, కాస్టిక్ లై 1824, సల్ఫ్యూరిక్ 1830, హైడ్రోక్లోరిక్ 1789.

బోర్డు మీద హజ్‌కెమ్ కోడ్‌లు కూడా రాసుకున్నా. 3వైఈ, 2ఆర్, 2పీ. ముందు అంకె దేంతో ఆర్పాలో చెబుతుంది: 2 అయితే సన్నటి నీటి తుంపర, 3 అయితే నురగ. అక్షరం రక్షణ దుస్తుల సంగతి, కడిగేయాలా కట్టడి చేయాలా అన్నది చెబుతుంది. చివర ఈ ఉంటే జనాన్ని ఖాళీ చేయించడం గురించి ఆలోచించాలి. భలే పద్ధతి. రెండు సాయంత్రాలు కూర్చుని అంతా నేర్చుకున్నా.

తర్వాత చూస్తే అది బ్రిటన్ నుంచి వచ్చిన పద్ధతి, మనం వాడతాం, అమెరికా రోడ్ల మీద వాడరు. అక్కడ ప్లకార్డు, నాలుగంకెల నంబరు, గైడ్‌బుక్కులో గైడ్ నంబరు. ఈ తప్పును కూడా దశ 1లోని రెండో గుర్తు కిందే రాసుకున్నా.

ఆ నోట్‌బుక్కు పక్కన ఇంకో గడి గీసి గైడ్ నంబర్లు నింపా: 1203కు 128, 1075కు 115, 1824కు 154, 1830కు 137, 1789కు 157, క్లోరిన్ 1017కు 124. ఇవి మాత్రం మర్చిపోలేదు. 137 అంటే ఇప్పటికీ ఆ రోజు కొట్టు ముందు ఆగి టైరుకు గాలి కొట్టించుకున్న యాసిడ్ ట్యాంకరే కళ్లముందుకొస్తుంది. కోడ్‌లకు పోయిన సాయంత్రాలు దండగ, ఆదివారాలు కాదు.

మొత్తం: 107 గంటలు, ₹1,173, ఇందులో ఉగ్గానికి ఎంతో లెక్క రాయలేదు.

దశ 6: 41 వచ్చింది, నమ్మొద్దు
ఏప్రిల్ చివర, మే మొదట

తెచ్చుకున్న ప్రశ్నలు అయిపోయాయి. సొంతంగా రాయడం మొదలుపెట్టా. చట్టం చదవాలి, ప్రశ్న రాయాలి, వారం పక్కన పెట్టి జవాబు రాయాలి. మూడో వారానికి 50కి 41.

గల్ఫ్‌లో రిఫైనరీలో పనిచేసే క్లాస్‌మేట్ ఒకడు ఇదే పరీక్షకు చదువుతున్నాడు. వాణ్ణి అడిగి వాడు రాసుకున్న 50 తెప్పించుకున్నా. 32.

తొమ్మిది మార్కులు ఎక్కడికి పోయాయో చూస్తే, నా ప్రశ్నల్లో తప్పు ఆప్షన్లు మరీ తప్పుగా ఉన్నాయి. ప్రశ్న రాసేటప్పుడే జవాబు తెలుసు కాబట్టి మిగతా మూడూ ఊరికే నింపేశా. వాడి ప్రశ్నల్లో నాలుగూ సరైన పనులే ఉంటాయి, "మొదట ఏది" అని అడుగుతాడు. ఫోన్ చేసి "ఏందిరా ఇది" అంటే, "నీ ప్రశ్నలు నీకు అత్తగారిల్లురా, మర్యాద చేస్తాయి" అన్నాడు.

అప్పటి నుంచి నియమం: శనివారం రాత్రి చెరో 25 ప్రశ్నలు వాట్సాప్‌లో మార్చుకోవడం. సొంత ప్రశ్నల మార్కులు రిజిస్టర్‌లో రాయడం ఆపేశా.

వాడి ప్రశ్నల్లో నాకు ఎక్కువ దెబ్బతగిలింది చట్టాల మధ్య తేడాల్లో. దీనికి తేదీలు సాయపడ్డాయి. రిక్రా 1976, ఇవాళ పుట్టే వ్యర్థాన్ని పుట్టుక నుంచి పాతిపెట్టే దాకా చూస్తుంది. సర్క్లా 1980, ఎప్పుడో పాతిపెట్టి వదిలేసినదాన్ని తవ్వితీసి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలో తేలుస్తుంది. 1978లో లవ్ కెనాల్ గొడవ బయటపడ్డాక వచ్చింది అదే. ఎప్‌క్రా 1986, చుట్టుపక్కల జనానికి తెలుసుకునే హక్కు. దాని వెనక ఉన్నది మన భోపాల్, 1984 డిసెంబరు. అదే 1986లో ఇక్కడ పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. ఒకే రాత్రికి రెండు దేశాల్లో రెండు చట్టాలు. ఈ ఒక్కచోట మాత్రం బీరువా తాళం తీశా, ఇక్కడ రెండూ పక్కపక్కన ఉంటేనే గుర్తుంటాయి.

రియాక్టివిటీ పాఠానికి కూడా మన దగ్గరి సంఘటనే పనికొచ్చింది. స్టైరిన్ లాంటి వాటికి ఇన్హిబిటర్ (తనంతట తాను రియాక్టవకుండా ఆపే పదార్థం) ఎందుకు కలుపుతారు, అది ఎందుకు అయిపోతుంది, ట్యాంకు వేడెక్కితే ఏమవుతుంది, ఇవన్నీ 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో జరిగినదాన్ని తలచుకుంటే వేరే కార్డు అక్కర్లేదు.

నైట్ షిఫ్టు కొలత కూడా ఈ దశలోనే తీశా. నైట్ దిగి వచ్చి పొద్దున ఏడింటికి 20 ప్రశ్నలు చేస్తే 11. పడుకుని లేచి సాయంత్రం చేస్తే 15, 16. మూడుసార్లు చూశా, అంతే. నైట్ వారంలో కొత్త పాఠం మానేశా, కార్డులు మాత్రమే.

మొత్తం: 145 గంటలు, ₹1,173, కార్డులు 203, మాక్ 32/50.

దశ 7: టన్నర్ దగ్గర
మే మూడో వారం

క్లాస్‌మేట్ ప్రశ్న: "టన్నర్ లీకవుతోంది, గాఢత తెలియదు, ఏ మాస్కుతో లోపలికి వెళ్తావు?" నేను క్యానిస్టర్ మాస్కు పెట్టా. ప్లాంటులో చిన్న లీకులకు చేతికందేది అదే కాబట్టి. తప్పు. గాఢత తెలియనప్పుడు గాలి వడకట్టే మాస్కు ఏదీ పనికిరాదు. క్లోరిన్ 10 పీపీఎమ్ దాటితే ప్రాణానికి తక్షణ ప్రమాదం కింద లెక్క. వీపున సొంత గాలి సిలిండరు ఉండాలి. ఆక్సిజను 19.5 శాతం లోపు ఉన్న చోటా అంతే.

ఆ వారంలోనే ఖాళీ టన్నర్ మీద మా మాక్ డ్రిల్లు పడింది. సేఫ్టీ వాణ్ణి కాబట్టి ఎప్పుడూ గడియారం పట్టుకుని నిలబడేవాణ్ణి. ఈసారి సూటు నేనే వేసుకుంటానన్నా. కొలతలు:

1. సూటు, సిలిండరు తొడుక్కోవడానికి 6 నిమిషాల 40 సెకన్లు. మర్నాడు మళ్లీ చేస్తే 4.50.
2. టన్నర్ల లీకు ఆపడానికి వాడే బీ కిట్ పెట్టె తెరిచి, వాల్వు మీద హుడ్ బిగించడానికి 14 నిమిషాలు. చేతి గ్లోవుల్లో పానా రెండుసార్లు జారింది.
3. సిలిండరు మీద 45 నిమిషాలని రాసి ఉంది. నాకు 23వ నిమిషంలో విజిల్ మోగింది. బయట 41 డిగ్రీలు.

పని వేళ లెక్క వేయమనే ప్రశ్నలో సిలిండరు మీది అంకెను నేను ఇక ఎప్పుడూ నమ్మను. తిరిగి బయటికి నడిచే సమయం, సూటు కడిగే సమయం కూడా అందులోంచే తీసేయాలి.

డ్రిల్లు మొదలవగానే నేను పెట్టె ఎత్తుకుని నేరుగా టన్నర్ వైపు కదిలా. రిటైర్మెంటుకు దగ్గరున్న మా క్లోరిన్ షెడ్డు ఆపరేటరు చెయ్యి అడ్డం పెట్టాడు. వంగి పిడికెడు దుమ్ము తీసి, వేళ్ల సందుల్లోంచి వదిలాడు. అది మా వైపే వచ్చింది.

"సామీ, పెట్టె యాడికి పోదు. ముందు గాలి సూడు."

గాలి ఎటు వీస్తోందో చూపే విండ్ సాక్ షెడ్డు కప్పు మీద ఉంది, సూటు హుడ్డులోంచి నాకు కనబడలేదు. చుట్టూ తిరిగి అవతలి వైపు నుంచి పోయాం. టన్నర్ దగ్గర మళ్లీ నేను హుడ్ తీయబోతే, "ముందు దొర్లించన్నా, కన్నం పైకి రానీ" అన్నాడు. లీకు అడుగున ఉంటే ద్రవం కారుతుంది, పైన ఉంటే ఆవిరే వస్తుంది. ద్రవ క్లోరిన్ ఒక పాలు ఆవిరైతే దాదాపు 460 పాళ్లు. ఆ తర్వాత అమోనియా ద్రావణం ఉన్న ప్లాస్టిక్ సీసా తెచ్చి, మూతి వాల్వు దగ్గర పెట్టి నొక్కి చూపించాడు. నిజం లీకైతే అక్కడ తెల్లటి పొగ లేస్తుంది. "నీళ్లు కొడితేనో?" అని అడిగా, పుస్తకంలో చదివింది ఆయన నోట వినాలని. "కొట్టు, కన్నం ఇంకా పెద్దదైతాది" అన్నాడు. తడి తగిలితే ఆమ్లమై లోహాన్ని తింటుంది.

ఆ రాత్రి క్లాస్‌మేట్ పంపిన "మొదట ఏది" ప్రశ్నలు పదీ మళ్లీ చేశా. మొదటిసారి మూడు సరి, ఇప్పుడు ఎనిమిది. తప్పిన రెండూ హజ్‌వోపర్ (ప్రమాదకర వ్యర్థాల పని, అత్యవసర స్పందన మీద అమెరికా నియమం) శిక్షణ గంటలవి: సైటు పనివాళ్లకు 40 గంటలు, మూడు రోజులు పర్యవేక్షణలో పని, ఏటా 8 గంటలు. అత్యవసర స్పందనలో ఆపరేషన్స్ స్థాయికి 8, టెక్నీషియన్‌కు 24. ఇది దుమ్ము ఎగరేస్తే వచ్చేది కాదు, కార్డులే దిక్కు.

మొత్తం: 176 గంటలు, ₹1,173, కార్డులు 231, మాక్ 37/50.

దశ 8: తప్పు ఎదురు తిరిగింది
జూన్

మాక్ 40/50. రెండో గుర్తు తప్పులు, అంటే మన అంకె రాసినవి, సున్నా. సంతోషం మూడు రోజులు ఉంది.

వార్షిక రిటర్ను ఫారం 4, జూన్ 30 లోపు పంపాలి. దానికోసం వ్యర్థాల షెడ్డులో ఫారం 3 రిజిస్టర్ చూస్తున్నా. ఈటీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) బురద బస్తాలు ఒక లాటు 81వ రోజులో ఉన్నాయి. స్టోర్ అబ్బాయి లారీకి చెప్పమంటారా అని అడిగాడు. "ఇంకా టైముందిలే, 180 కదా" అన్నా. నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చింది.

వాడు నా మొహం చూసి, రిజిస్టర్ అట్ట తిప్పి లోపల నేనే మూడేళ్ల కింద అంటించిన కాగితం చూపించాడు. "సార్, 90 గదా?"

తొమ్మిది రోజుల్లో లారీ, మ్యానిఫెస్టు ఫారం 10, డ్రైవరు చేతికిచ్చే అత్యవసర సూచనల ట్రెమ్ కార్డు ఫారం 9, అన్నీ సర్దేసరికి ఒక వారం చదువు పోయింది. 88వ రోజున బండి గేటు దాటింది.

మార్చినవి:

1. బీరువాలోని ఇండియా సగం బయటికి తీసి ప్లాంటులో నా టేబుల్ అద్దం కింద పెట్టా.
2. అమెరికా కార్డులు ఇంట్లోనే. స్కూటర్ మీద డీ కోడ్‌లు చదవడం ఆపేశా. ప్లాంటు గేటు దాటి ఒక్క కార్డు కూడా లోపలికి రాకూడదు.
3. వ్యర్థాల షెడ్డు తలుపు మీద 90 అని నా అరచేతి అంత అంకె పెయింటు వేయించా. స్టోర్ అబ్బాయి దాన్ని చూసినప్పుడల్లా నన్ను చూస్తాడు.

మొత్తం: 198 గంటలు, ₹1,173, కార్డులు 244. పరీక్ష జులై రెండో వారం. తప్పుల కట్టలో ఇంకా 14 కార్డులున్నాయి, వాటిలో ఆరు శిక్షణ గంటలవే.